హెచ్-ఇండెక్స్ 41 దగ్గర చేరాలా, 14 దగ్గర చేరాలా? కోల్డ్ ఆటం ల్యాబ్ నుంచి ఒక జవాబు

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. కోల్డ్ ఆటం ఫిజిక్స్‌లో ఎక్స్‌పెరిమెంటల్ పీహెచ్‌డీ చేయాలని ఉంది. రెండు చోట్ల ఇంటర్వ్యూలు అయ్యాయి. ఒక సార్ హెచ్-ఇండెక్స్ 41, ఆయన మొదటి పేపరు వేసి 29 ఏళ్లయింది. ఇంకోచోట మేడమ్‌ది 14, మొదటి పేపరు వేసి 10 ఏళ్లు. పైగా ఆవిడ ప్రొఫైల్లో మధ్యలో మూడేళ్ల పాటు ఒక్క పేపరూ లేదు. సీనియర్లందరూ సార్ దగ్గరికే పొమ్మంటున్నారు. ఈ రంగంలో ఒక ఫిజిసిస్టు కెరీర్‌ని, సైటేషన్లని అసలు ఎలా చూడాలి?

జవాబు:

కోల్డ్ ఆటం ల్యాబుల్లో, అంటే పరమాణువుల్ని పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గరి దాకా చల్లార్చి చూసే చోట, నాకు పంతొమ్మిదేళ్లు నిండాయి. పీహెచ్‌డీ, రెండు పోస్ట్‌డాక్‌లు, ఇప్పుడు సొంత ల్యాబ్. సెలెక్షన్ కమిటీల్లో కూర్చుని వేరేవాళ్ల సైటేషన్లు (వాళ్ల పేపర్లని ఇతరులు ఉదహరించిన సార్లు) లెక్కపెట్టిన పాపం కూడా మూటగట్టుకున్నాను. అందుకని రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మీ ప్రశ్నలో నా కన్ను ఆ మూడేళ్ల ఖాళీ మీద పడింది. మీ సీనియర్లకు అది మచ్చలా కనిపించి ఉంటుంది. మా దగ్గర అలాంటి ఖాళీకి చాలాసార్లు ఒకటే అర్థం: ఆ మనిషి ల్యాబ్ కట్టుకుంటోంది. కట్టడం అంటే ఏమిటో, కట్టాక ఏమవుతుందో చెప్పకుండా 41, 14 గురించి మాట్లాడి లాభం లేదు. ముందు ఒక అసలైన కెరీర్ చెబుతాను, నంబర్ల దగ్గరికి తర్వాత వద్దాం.

డెబొరా జిన్ పేరు వినే ఉంటారు. 1968లో పుట్టారు, ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, 1995లో షికాగో యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. ఆ పీహెచ్‌డీ కోల్డ్ ఆటంస్‌లో కాదు, హెవీ ఫెర్మియాన్ సూపర్‌కండక్టర్ల మీద. అంటే ఘన పదార్థాలు, వాటిని చల్లగా ఉంచే క్రయోస్టాట్‌లు. లేజర్ల పని ఆవిడకు రాదు. అలాంటి మనిషి నేరుగా బౌల్డర్‌లోని జైలాలో ఎరిక్ కార్నెల్ గ్రూపులో పోస్ట్‌డాక్‌గా చేరారు. జైలా అంటే అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ నిస్ట్, కొలరాడో యూనివర్సిటీ కలిసి నడిపే సంస్థ. 1995 జూన్‌లో కార్నెల్, కార్ల్ వీమన్ అక్కడే రుబీడియం వాయువులో మొదటి బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్ చేశారు, అంటే పరమాణువులు ఒకే క్వాంటం స్థితిలోకి చేరి ఒక్కటిగా ప్రవర్తించే దశ. సుమారు రెండు వేల పరమాణువులు, 170 నానోకెల్విన్ ఉష్ణోగ్రత. ఆ పేపరుకి ఈ రోజు సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. 2001లో ఆ ఇద్దరికీ, ఎంఐటీలో వోల్ఫ్‌గాంగ్ కెటర్లీకీ నోబెల్ వచ్చింది.

అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కండెన్సేట్ల మీదే ఇంకో పది పేపర్లు వేస్తారు. ప్రపంచమంతా అదే చేస్తోంది, సైటేషన్లు కుప్పలుగా వచ్చి పడే కాలం అది. 1996లో కండెన్సేట్ ఎలా ఊగుతుందో కొలిచిన పేపరుకి జిన్ మొదటి ఆథర్, దానికి మంచి పేరు వచ్చింది. అయినా 1997లో సొంత గ్రూపు పెట్టగానే బోసాన్లను (ఒకే స్థితిలో ఎన్నైనా ఇమిడే కణాలు) పక్కనపెట్టి ఫెర్మియాన్ల (ఒకే స్థితిలో రెండు ఇమడని కణాలు) వైపు వెళ్లారు. మొదటి పీహెచ్‌డీ స్టూడెంట్ బ్రయన్ డిమార్కో. దాదాపు ఇద్దరే మనుషులు.

ఫెర్మియాన్లతో చిక్కు ఏమిటంటే, అవి చల్లబడవు. లేజర్‌తో కొంతవరకు చల్లార్చాక ఆ తర్వాతి పని ఎవాపొరేటివ్ కూలింగ్‌తో చేస్తాం. వేడి టీ ఎలా ఆరుతుందో అలాగే: బాగా వేడిగా ఉన్న పరమాణువుల్ని బయటికి పోనిస్తాం, మిగిలినవి ఒకదాన్నొకటి గుద్దుకుని కొత్తగా సర్దుకుంటాయి, మొత్తం చల్లబడుతుంది. గుద్దుకోవడమే ఇక్కడ కీలకం. ఒకే రకం ఫెర్మియాన్లు అంత తక్కువ ఉష్ణోగ్రతలో గుద్దుకోవడం దాదాపు మానేస్తాయి, పౌలీ సూత్రం ఒప్పుకోదు. ఒకే గోత్రం వాళ్లకి సంబంధం కుదరనట్టు. జిన్, డిమార్కో చేసిన ఉపాయం రెండు గోత్రాల వాళ్లను ఒకే పందిరి కింద ఉంచడం. పొటాషియం-40ని రెండు వేర్వేరు స్పిన్ స్థితుల్లో ఒకే ట్రాప్‌లో పెట్టారు. వేరే స్థితిలో ఉన్నదాన్ని గుద్దుకోవడానికి అభ్యంతరం లేదు కదా. పని జరిగింది.

అంతకు ముందు ఇంకో అడ్డంకి ఉంది. నా దగ్గరికొచ్చే ప్రతి స్టూడెంట్‌కీ ఇది చెబుతాను. ప్రకృతిలో దొరికే పొటాషియంలో పొటాషియం-40 వాటా 0.012 శాతం. పది వేల పరమాణువుల్లో ఒకటి, కాస్త అటూ ఇటూగా. మామూలు పొటాషియం కొని వేడిచేస్తే ట్రాప్‌లోకి ఏమీ రాదు. ఐసోటోప్ శాతం పెంచిన పొటాషియం దొరుకుతుంది, కానీ పొటాషియం క్లోరైడ్ రూపంలో, మహా ఖరీదు. దాన్ని వ్యాక్యూమ్ చాంబర్ లోపలే క్యాల్షియంతో చర్య జరిపించి పొటాషియం ఆవిరిగా వదిలే చిన్న డిస్పెన్సర్లను వాళ్లే తయారు చేసుకున్నారు. ఆ తయారీ మీద 1999లో పరికరాల జర్నల్లో ముగ్గురు కలిసి ఓ చిన్న పేపరు వేశారు. దానికి వచ్చిన సైటేషన్లు చూస్తే మీ సీనియర్లు పెదవి విరుస్తారు. ఆ డిస్పెన్సర్ లేకపోతే ఆ తర్వాతి పదిహేనేళ్ల జిన్ ల్యాబే లేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో సైన్స్ పత్రికలో పేపరు వచ్చింది: ఏడు లక్షల పరమాణువుల వాయువు, 300 నానోకెల్విన్, ఫెర్మి డీజెనరసీ, అంటే ఫెర్మియాన్లు అట్టడుగు స్థితుల్ని ఒక్కొక్కటిగా నింపేసే దశ, మొదలైంది. ఆథర్లు ఇద్దరే, డిమార్కో, జిన్. ఇది బోస్ కండెన్సేట్‌లా అందరికీ కనపడే దృశ్యం కాదు. కండెన్సేట్ అయితే మధ్యలో ఒక పదునైన శిఖరం లేస్తుంది, చిన్నపిల్లాడికి చూపించినా గుర్తుపడతాడు. ఫెర్మియాన్లకు అలాంటి హఠాత్తు మార్పు ఉండదు. చల్లార్చే పని క్రమంగా మందగించడం, వాయువులో శక్తి లెక్కకంటే కాస్త ఎక్కువ మిగలడం, ఇలాంటి సన్నని గుర్తుల్ని నమ్మకంగా కొలవాలి. ఆ పేపరుకి ఇప్పుడు సైటేషన్లు వెయ్యి దాటిపోయాయి. 1998 చివర్లో మీరు ఆ ల్యాబ్ తలుపు తట్టి ఉంటే, జిన్ సొంత గ్రూపు పేరు మీద వచ్చిన పేపర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండేవి కావు. మీ సీనియర్ల సూత్రం ప్రకారం డిమార్కో వేరే ల్యాబ్ చూసుకోవాల్సింది.

తర్వాత కొన్నేళ్లు చిన్న చిన్న అడుగులు. ఫెర్మియాన్లు ఒకదానికొకటి ఎలా అడ్డుపడతాయో, అయస్కాంత క్షేత్రం మారిస్తే వాటి మధ్య ఆకర్షణ ఎలా మారుతుందో కొలిచారు. 2003లో గట్టు తెగింది. సిండీ రీగల్, మార్కస్ గ్రైనర్‌లతో కలిసి ఫెర్మియాన్లను జతకట్టి అణువులు చేశారు, ఆ అణువుల కండెన్సేట్ కూడా చేశారు. ఇన్స్‌బ్రుక్‌లో రుడాల్ఫ్ గ్రిమ్ గ్రూపు, ఎంఐటీలో కెటర్లీ గ్రూపు అదే పనిలో కొన్ని వారాల తేడాతో పరుగెత్తుతున్నాయి. 2004 జనవరిలో ఫెర్మియాన్ జతల కండెన్సేట్ పేపరు వచ్చింది: రీగల్, గ్రైనర్, జిన్. స్టూడెంట్, పోస్ట్‌డాక్, గైడ్, ఆ వరుసలో ముగ్గురు. 202 గాస్ అయస్కాంత క్షేత్రం దగ్గర ఉండే ఒక రెసొనెన్స్‌కి (పరమాణువుల మధ్య ఆకర్షణ తీవ్రంగా మారిపోయే చోటు) ఒక పక్కన జతలు చాలా వదులుగా ఉంటాయి, చూద్దామంటే విడిపోతాయి. వాళ్లు క్షేత్రాన్ని ఒక్కసారిగా రెండో పక్కకి తోసి, ఆ వదులు జతలు విడిపోయే లోపే అణువులుగా బిగించి, అప్పుడు ఫొటో తీశారు. కండెన్సేట్ శిఖరం కనిపించింది. చదివిన రోజు నాకు అసూయ కలిగింది, ఇప్పటికీ పాఠంగా చెబుతున్నప్పుడు కాస్త కలుగుతుంది.

ఇంకో దారి చూడండి. 2004లోనే జిన్ గ్రూపు పొటాషియం, రుబీడియం మిశ్రమంలో రెసొనెన్స్‌లు కనిపెట్టింది. ఆ పేపరు వచ్చిన రోజు దానివల్ల ఏమవుతుందో ఎవరికీ తెలియదు. 2008లో జున్ యేతో కలిసి, కాంగ్-క్వెన్ ని మొదటి ఆథర్‌గా, ఆ రెండు మూలకాల అణువుల్ని కనిష్ఠ శక్తి స్థితిలో 350 నానోకెల్విన్ దగ్గర తయారుచేశారు. 2010లో అవే అణువులు ఆ చలిలో కూడా రసాయన చర్య జరుపుకుంటాయని, ఆ చర్యను క్వాంటం స్థితి మార్చి నడిపించవచ్చని చూపించారు. ఆ అణువులతోనే డీజెనరేట్ ఫెర్మి వాయువు పేపరు 2019లో వచ్చింది. అప్పటికి జిన్ లేరు. 2016 సెప్టెంబర్ 15న, 47 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు. 2004లో పడిన విత్తనానికి పదిహేనేళ్లకు కాసిన కాయ అది. ఏ ఏడాదికా ఏడాది సైటేషన్లు చూసి ఈ దారిని ఎవరు అంచనా వేయగలరు?

ఇక నంబర్ల దగ్గరికి.

హెచ్-ఇండెక్స్ 14 అంటే కనీసం 14 పేపర్లకు ఒక్కోదానికి 14 లేదా అంతకంటే ఎక్కువ సైటేషన్లు ఉన్నాయని. దీన్ని 2005లో ప్రతిపాదించింది కూడా ఒక ఫిజిసిస్టే, శాన్ డియెగోలోని హోర్హే హిర్ష్. జనం ఆ పేపరులో సగమే గుర్తుపెట్టుకున్నారు. ఇండెక్స్‌ని పనిచేసిన ఏళ్లతో భాగించి చూడాలని ఆయన అందులోనే చెప్పాడు. భాగిస్తే ఒకటి దగ్గర వస్తే బాగా పనిచేసే శాస్త్రవేత్త, రెండు దగ్గర వస్తే చాలా గొప్ప అని అంచనా. మీరిచ్చిన లెక్కలే తీసుకోండి. సార్‌ది 41ని 29తో భాగిస్తే 1.41. మేడమ్‌ది 14ని 10తో భాగిస్తే 1.4. మీ సీనియర్లు పోల్చింది ఇద్దరు ఫిజిసిస్టుల్ని కాదు, రెండు వయసుల్ని! పైగా ఆవిడ లెక్కలో మూడేళ్లు పేపర్లే లేవు. ఇంకోమాట, 2020లో హిర్షే తన ఇండెక్స్ ఘోరంగా దారితప్పించగలదని, చెడు ఫలితాలు కూడా ఇచ్చిందని రాసుకున్నాడు.

మా రంగంలో సైటేషన్లు ఎక్కడెక్కడ మోసం చేస్తాయో రెండు మూడు ఉదాహరణలు చెప్పకుండా ఉండలేను.

మీరు ఏ కోల్డ్ ఆటం ల్యాబ్‌కి వెళ్లినా మొదట చూపించేది మాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్, లేజర్లతో, అయస్కాంత క్షేత్రంతో పరమాణువుల్ని పట్టి ఉంచే ఉచ్చు, మేం మాట్ అంటాం. 1987లో వచ్చిన ఆ పేపరుకి ఆథర్లు ఐదుగురు, స్టీవెన్ చూ, డేవిడ్ ప్రిచర్డ్ వాళ్లలో ఉన్నారు. ఆలోచన మాత్రం పారిస్‌లోని జాఁ దాలిబార్‌ది. పేరు పెట్టుకోమని చూ ఫోన్ చేసి బతిమాలితే, ప్రయోగంలో తను ఏ పనీ చేయలేదు కాబట్టి సరికాదని దాలిబార్ ఒప్పుకోలేదు. చూ ఈ సంగతి తన నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పాడు. మా రంగంలో అన్నిటికంటే ఎక్కువ వాడే పరికరం తాలూకు సైటేషన్లలో, దాన్ని ఊహించిన మనిషి ఖాతాలో ఒక్కటీ పడలేదు. అదే పేపరులో ఇంకో ఆథర్ అలెక్స్ కేబుల్, చూ ల్యాబ్‌లో టెక్నీషియన్. తర్వాత 1989లో థోర్‌ల్యాబ్స్ పెట్టాడు. మీరు చేరాక ఆర్డర్ చేసే అద్దాలు, మౌంట్లు సగం అక్కడివే ఉంటాయి, పెట్టెలో చిరుతిళ్ల ప్యాకెట్ కూడా వస్తుంది. ఆయన ప్రభావాన్ని ఏ ఇండెక్స్‌తో కొలుస్తారో మీరే చెప్పండి.

ఇందాక చెప్పిన 202 గాస్ రెసొనెన్స్‌ని ఫెష్‌బాక్ రెసొనెన్స్ అంటారు. హెర్మన్ ఫెష్‌బాక్ న్యూక్లియర్ ఫిజిసిస్టు, ఆయన సిద్ధాంతం 1958 నాటిది, కేంద్రకాల కోసం రాసింది. చల్లని పరమాణువుల్లో ఇవి ఉంటాయని టీసింగా, వెర్‌హార్, స్టూఫ్ 1993లో లెక్కవేసి చూపించారు. అప్పటికి కండెన్సేటే లేదు, ఇక వాడేదెవరు? 1998లో కెటర్లీ గ్రూపు సోడియంలో వాటిని ప్రయోగంలో చూసింది. తర్వాత అందరికీ అవే కావాలి. ఐదేళ్లు నిద్రపోయిన పేపరు, నలభై ఏళ్లు వేరే ఊళ్లో ఉన్న పేపరు, రెండూ ఒకేసారి లేచాయి.

సత్యేంద్రనాథ్ బోస్ సంగతి మీకు తెలిసిందే. 1924లో ఢాకా నుంచి ఐన్‌స్టైన్‌కి పంపిన నాలుగు పేజీల పేపరు లేకపోతే ఈ రంగం లేదు. ఇప్పుడు బోసాన్ అని రాసేటప్పుడు ఆ పేపరుని ఉదహరించేవాడు అరుదు. పేరే మాటగా మారిపోయాక సైటేషన్ ఎవరిస్తారు?

దీనికి తిరగేసిన కథ రివ్యూ పేపర్లది. 2008లో బ్లాక్, దాలిబార్, స్వెర్గర్ రాసిన పెద్ద రివ్యూకి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి, అందులో ప్రతి ఒక్కటీ న్యాయమైనదే, నేను కూడా ఇచ్చాను. కానీ రివ్యూకి వచ్చే సైటేషన్ "ఈ రంగం గురించి ఇక్కడ చదువుకోండి" అనే మాట, కొత్త ప్రయోగానికి వచ్చేది వేరు. సార్ ప్రొఫైల్లో మొదటి పదిలో రివ్యూలు ఎన్ని ఉన్నాయో చూడండి. అసలు మేం ల్యాబ్‌లో పని నేర్చుకునేది వీటన్నిటికంటే థీసిస్‌ల నుంచి. జైలా థీసిస్‌లు నెట్‌లో ఉచితంగా ఉంటాయి. మాట్ కాయిల్స్ ఎలా చుట్టాలో, ఎన్ని ఆంపియర్లు పంపితే ఎంత వేడెక్కుతుందో సైన్స్ పేపరులో ఉండదు, థీసిస్ మూడో అధ్యాయంలో ఉంటుంది. డిమార్కో థీసిస్ ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించుకున్న కాపీ మా ల్యాబ్‌లో కాఫీ మరకలతో ఇప్పటికీ ఉంది. దాన్ని మేం పేపర్లలో ఉదహరించింది బహుశా ఒకటో రెండో సార్లు.

ఆథర్ల వరుస కూడా చూడటం నేర్చుకోండి. మా ప్రయోగాల్లో మొదటి పేరు పని మోసిన స్టూడెంట్ లేదా పోస్ట్‌డాక్‌ది, చివరి పేరు ల్యాబ్ నడిపే గైడ్‌ది. హిగ్స్ బోసాన్ పేపర్లలా మూడు వేల మంది పేర్లు ఉండవు. మీరు చూస్తున్న గైడ్ చివరి పేరుగా ఉన్న పేపర్లు విడిగా లెక్కపెట్టండి. మధ్యలో ఉన్నవంటే వేరేవాళ్ల ల్యాబ్ పని అని చాలావరకు అనుకోవచ్చు. 41 ఉన్నవాళ్లలో ఆ నంబరు సగం పాత పోస్ట్‌డాక్ రోజులదో, థియరీ వాళ్లతో కలిసి చేసినదో అయ్యే సందర్భాలు చూశాను. మీ సార్‌ది అలాగే అని అనడం లేదు, చూడమంటున్నాను, అంతే.

మనవాళ్ల పేర్లతో ఉండే తలనొప్పి కూడా ఉంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, పాస్‌పోర్టులో ఇంకోలా, పేపరులో ఒక్క ఇనీషియల్. రావు, రెడ్డి, కుమార్ అంటే గూగుల్ స్కాలర్ ఎవరి పేపర్లు ఎవరికి అంటగడుతుందో దేవుడికే తెలియాలి. ఒకసారి కమిటీలో ఒక అభ్యర్థి ప్రొఫైల్ తెరిస్తే వరి వంగడాల మీద రెండు పేపర్లు కనిపించాయి, పాపం ఆయనది ఆప్టిక్స్. మీరు మొదటి పేపరు వేసే ముందే ఓర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకుని, పేరు ఒకే తీరుగా రాయడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఆ మూడేళ్ల ఖాళీ. నా ప్రొఫైల్లో కూడా ఒకటుంది, కథ చెబుతాను. పీహెచ్‌డీ మూడో ఏట మా చాంబర్‌ని బేక్ చేస్తున్నాం. అంటే చుట్టూ హీటర్ టేపులు, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, వారం పది రోజులు వేడిమీద ఉంచి లోపలి తేమనంతా బయటికి లాగడం. ఆ తర్వాత గానీ పీడనం 10⁻¹¹ టార్ దగ్గరికి రాదు. ఒక రాత్రి ఒక పక్క హీటర్ ఆగిపోయింది, ఎవరూ చూసుకోలేదు. ఒకవైపు త్వరగా చల్లబడి గాజు కిటికీ అతుకు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. అది పగులని తెలుసుకోవడానికే ఆరు వారాలు. హీలియం గొట్టం పట్టుకుని ఒక్కో అతుకు దగ్గర ఊదుతూ, లీక్ డిటెక్టర్ స్క్రీన్ వంక చూస్తూ కూర్చునేవాళ్లం. కొత్త కిటికీ విదేశం నుంచి రావడానికి నాలుగు నెలలు, కస్టమ్స్‌లో ఇంకో నెల, మళ్లీ బేకింగ్. మొత్తం తొమ్మిది నెలలు ఒక వెంట్రుక పగులుకి పోయాయి. అన్నీ సర్దుకుని మాట్ వెలిగాక, ప్రతి ఇరవై నిమిషాలకీ పరమాణువుల సంఖ్య పడిపోయి మళ్లీ లేచేది. రెండు వారాలు లేజర్లని తిట్టుకున్నాం. చివరికి చూస్తే గదిలోని ఏసీ ఇరవై నిమిషాలకోసారి ఆన్ అవుతోంది. ఆ కాస్త చలికి ఒక అద్దం మౌంట్ కదులుతోంది. ఆ ఏడాది నా స్కాలర్ ప్రొఫైల్లో గీత నేలకి ఆనుకుని ఉంటుంది. పని నేర్చుకున్నది మాత్రం ఆ ఏడాదే.

అలాగని ప్రతి ఖాళీ వెనకా ఇలాంటి కథే ఉంటుందని నమ్మేయకండి. నిజంగానే ల్యాబ్ నిలిచిపోయిన సందర్భాలుంటాయి: గ్రాంట్ ఆగిపోయి, లేజర్ పాడై రిపేరుకి వెళ్లి తిరిగిరాక, స్టూడెంట్లు మధ్యలో మానేసి. తేడా కాగితం మీద తెలియదు, వెళ్లి చూడాలి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6,003.65 కోట్లతో నేషనల్ క్వాంటం మిషన్‌ని ఆమోదించింది. దానివల్ల కొత్త ల్యాబులు లేస్తున్నాయి, తిరుపతి లాంటి చోట్ల ఐఐటీ, ఐసర్‌ల మధ్య ఈ రంగానికే ఉమ్మడి కేంద్రం ఉంది. కాబట్టి చిన్న ఇండెక్స్, పెద్ద చాంబర్ ఉన్న గైడ్‌లు మీకు ఇంకా చాలామంది తగులుతారు.

గైడ్ ఎలాంటి మనిషో చెప్పే సంగతి కూడా ఏ ప్రొఫైల్లోనూ ఉండదు. కెటర్లీ 1990లో ఎంఐటీకి వచ్చేముందు హైడెల్‌బర్గ్‌లో ఇంజిన్లలో ఇంధనం ఎలా మండుతుందో లేజర్‌తో చూసే పని చేసేవాడు. ప్రిచర్డ్ ఆయన్ని పోస్ట్‌డాక్‌గా తీసుకున్నాడు. 1993లో ఎంఐటీ కెటర్లీకి ఫ్యాకల్టీ ఉద్యోగమిస్తే, ప్రిచర్డ్ తన కోల్డ్ ఆటం ల్యాబ్‌నే ఆయనకి అప్పగించి, పోటీ పడకుండా ఆ ప్రయోగం నుంచి తప్పుకున్నాడు. 1995లో రుబీడియం కండెన్సేట్ చేసిన కార్నెల్ కూడా ప్రిచర్డ్ పీహెచ్‌డీ స్టూడెంటే. రెండు జట్లలోనూ తన వాళ్లే, తను ఏ జట్టులోనూ లేడు. జిన్ విషయంలో కూడా అంతే. డిమార్కో ఇలినాయ్‌లో, రీగల్ జైలాలోనే, గ్రైనర్, ని హార్వర్డ్‌లో సొంత గ్రూపులు నడుపుతున్నారు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఈ రంగంలో ఉత్తమ పీహెచ్‌డీ థీసిస్‌కి ఇచ్చే అవార్డుకి ఇప్పుడు జిన్ పేరు పెట్టారు.

మీరు చేయాల్సింది ఇది. రెండు ల్యాబులకీ మెయిల్ పెట్టి ఒక్కో రోజు చూడటానికి వెళ్లండి. పొద్దున వెళ్లకండి, సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి. భవనం సద్దుమణిగి, లిఫ్టులూ తలుపులూ కదలడం తగ్గాక డేటా తీసే సమయం అది. లేజర్లు లాక్ అయి (సరైన ఫ్రీక్వెన్సీ దగ్గర నిలిచి) ఉన్నాయా, మాట్ వెలుగుతోందా చూడండి. రుబీడియం వాడుతుంటే కంటికి సరిగా కనపడదు, 780 నానోమీటర్లు, కెమెరా స్క్రీన్ మీద చూపించమనండి. పక్కన ల్యాబ్ లాగ్‌బుక్ ఉంటుంది, నిన్నటి తేదీతో ఏమైనా రాసి ఉందా చూడండి. గైడ్ టీకి వెళ్లినప్పుడు స్టూడెంట్లని అడగండి: ఎన్నో ఏడు, మొదటి ఆథర్‌గా పేపరు ఉందా, ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, పోయినసారి పెద్దగా ఏం పాడైంది, బాగుచేసింది ఎవరు. ఆఖరి ప్రశ్నకి సార్ ల్యాబ్‌లో "కంపెనీ ఇంజినీర్ వచ్చి చేశాడు" అని, మేడమ్ ల్యాబ్‌లో "మేమే మేడమ్‌తో కలిసి రాత్రి రెండింటి దాకా కూర్చుని" అని సమాధానం వస్తే, 14 దగ్గర చేరండి. తిరగబడి వస్తే 41 దగ్గరికే వెళ్లండి, నేనేం అనుకోను.

ఆ మూడేళ్లలో ఏం చేశారని మేడమ్‌నే నేరుగా అడగండి. ల్యాబ్ కట్టిన మనిషైతే ఆ ప్రశ్నకి నొచ్చుకోరు, మిమ్మల్ని చాంబర్ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కో కిటికీ చూపిస్తూ గంటసేపు మాట్లాడతారు.